ఎముక లేని చేతులు

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన ఓ అట్టముక్క. నూరేళ్ల క్రితం సిగరెట్ పెట్టెలో ఊరికే వచ్చింది. దాని మీద పిట్స్‌బర్గ్ జట్టు చొక్కా వేసుకున్న ఓ ఆటగాడి బొమ్మ. అలాంటి ముక్క ఒకటి 2022 ఆగస్టులో అక్షరాలా 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారింది. మన లెక్కలో 57 కోట్ల రూపాయల పైమాటే! అదే నెలాఖరులో 1952 నాటి మరో కార్డు వేలంలో 1 కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. అంటే దాదాపు వంద కోట్లు.

పాత బేస్‌బాల్ కార్డుల గురించి పత్రికల్లో వచ్చే వార్తలన్నీ ఇలాగే ఉంటాయి. ఎంతకు కొన్నారు, ఎవరు కొన్నారు, ఎన్ని సున్నాలు... అంతే. ఆ సున్నాల వెనక ఇంకో కథ ఉంది. అది అమ్మినవాళ్లదీ కాదు, కొన్నవాళ్లదీ కాదు. ఇచ్చినవాళ్లది. కార్డును, కబురును, తమకు తెలిసిన విద్యను కొత్తగా వచ్చిన కుర్రాడి చేతిలో పెట్టి ‘ఉంచుకో నాయనా’ అన్న పెద్దవాళ్లది. వాళ్లే లేకపోతే ఇవాళ ఆ అట్టముక్కకు పేరు కూడా ఉండేది కాదు!

పొగాకు పెట్టెలో బొమ్మ

మనకు క్రికెట్ ఎలాగో అమెరికావాళ్లకు బేస్‌బాల్ అలాగ. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ల రంగు బొమ్మలు పెట్టి అమ్మింది. అట్టముక్క ఉంటే పెట్టె నలగదు. బొమ్మ కోసం మళ్లీ అదే బ్రాండ్ కొంటారు. ఒక దెబ్బకు రెండు పిట్టలన్నమాట. అలా ఆ ఒక్క వరుసలోనే 520కి పైగా రకాల బొమ్మలు వచ్చాయి. వెనకవైపు ఒక్కో కార్డు మీద ఒక్కో సిగరెట్ బ్రాండ్ ప్రకటన. పొగతాగేది నాన్నలు, బొమ్మ కావాల్సింది పిల్లలకు. దుకాణాల ముందు నిలబడి, పెట్టె కొన్న పెద్దవాళ్లను ఆ బొమ్మ ఇమ్మని అడిగేవారట పిల్లలు. ఈ హాబీ పుట్టుకలోనే ‘ఇవ్వడం’ ఉందన్నమాట!

ఈ కంపెనీకీ మన గుంటూరుకూ దూరపు చుట్టరికం కూడా ఉంది. 1902లో ఇదే కంపెనీ, ఇంగ్లండులోని ఇంపీరియల్ టొబాకో కలిసి పెట్టిన సంస్థే బ్రిటిష్ అమెరికన్ టొబాకో. గుంటూరు చుట్టుపక్కల రైతుల చేత సిగరెట్ పొగాకు పండించిన ఐ.ఎల్.టి.డి. కంపెనీ 1912లో మొదలైంది ఆ కుటుంబంలోనే.

57 కోట్ల కార్డు మీదున్న ఆటగాడి పేరు హోనస్ వాగ్నర్. తన బొమ్మ వేయడానికి ఆయన ఒప్పుకోలేదు. పిల్లలు సిగరెట్ల జోలికి పోతారని అభ్యంతరం చెప్పాడని కొందరంటారు. కాదు, కంపెనీ డబ్బులివ్వలేదని అలిగాడని ఇంకొందరంటారు. ఏదైతేనేం, ఆ బొమ్మ ముద్రణ మధ్యలోనే ఆగిపోయింది. ఇప్పుడు ఉన్నవి సుమారు 60 మాత్రమే. అందుకే అంత ధర.

పేరు పెట్టిన పెద్దాయన

1930ల నాటికి ఇలాంటి కార్డులు అమెరికా ఇళ్ల అటకల మీద లక్షల్లో పడి ఉన్నాయి. పొగాకువి, మిఠాయిలవి, చూయింగ్ గమ్‌వి. ఏ కంపెనీ ఎప్పుడు ఎన్ని వేసిందో ఎవరికీ తెలియదు. పోగేసేవాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు ఉన్నా, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ‘నా దగ్గర బూడిదరంగు వెనక ఉన్న ఎర్ర టోపీ ఆటగాడు ఉన్నాడు, నీ దగ్గరేముంది?’ అని ఉత్తరం రాస్తే అవతలివాళ్లకు ఏ బొమ్మో అర్థమయ్యేది కాదు.

ఆ చిక్కుముడి విప్పినాయన జెఫర్సన్ బర్డిక్. 1900లో పుట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ పట్టణంలో విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీలో విడిభాగాలు బిగించే కార్మికుడు. పెళ్లి చేసుకోలేదు. ఆస్తిపాస్తుల్లేవు. పైగా కీళ్లవాతం. ఏళ్లు గడిచేకొద్దీ వేళ్లు వంకర్లు పోయాయి, మెడ బిగుసుకుపోయింది. చివరికి ఆ జబ్బు వల్లే ఉద్యోగం కూడా మానుకోవాల్సి వచ్చింది.

అలాంటి మనిషి పని ముగించుకుని గదికొచ్చి రాత్రిళ్లు కార్డులు ముందేసుకుని కూర్చునేవారు. ఒక్కో వరుసకు ఒక నంబరు వేసేవారు. తోటి సేకర్తల కోసం ఓ చిన్న పత్రిక నడిపారు. 1939లో మొదటి కాటలాగ్ అచ్చువేశారు. తర్వాత అదే ‘అమెరికన్ కార్డ్ కాటలాగ్’ అయింది. 1946, 1953, 1960లలో కొత్త కూర్పులు వచ్చాయి. ఇదంతా ఒక్కడి పని కాదు. దేశం నలుమూలల నుంచీ సేకర్తలు తమ దగ్గరున్న కార్డుల జాబితాలు రాసి పంపేవారు. మిత్రులు కూర్పులో చెయ్యేసేవారు. ఎవరికీ జీతం లేదు.

ఆయన పెట్టిన పద్ధతి బహు సులువు. 19వ శతాబ్దం పొగాకు కార్డులకు ‘ఎన్’. 20వ శతాబ్దం పొగాకు కార్డులకు ‘టి’. పాతకాలపు మిఠాయి కార్డులకు ‘ఇ’. ఆ పక్కన అంకె. వాగ్నర్ బొమ్మ ఉన్న వరుసకు ‘టి206’ అని రాశారు. వేలం హాళ్లలో కోట్లు వెచ్చించే ఆసాములు ఈనాటికీ పలికే పేరు అదే. వాళ్లలో ఎందరికి తెలుసో గానీ, ఆ పేరు పెట్టింది ఓ ఫ్యాక్టరీ కార్మికుడు!

ఆ కాటలాగ్‌లో ధరలు కూడా ఉండేవి. చాలా కార్డుల ధర సెంట్లలోనే. అంత అరుదైన వాగ్నర్ కార్డుకే 50 డాలర్లు.

చేత్తో ఇచ్చి, చేత్తో అంటించి...

1947లో బర్డిక్ న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తలుపు తట్టారు. రెంబ్రాంట్, డ్యూరర్ వంటి మహామహుల బొమ్మలుండే చోటు అది. ‘నా సేకరణ మొత్తం ఇస్తాను, తీసుకుంటారా?’ అని అడిగారు. ముద్రణ చిత్రాల విభాగానికి పెద్దగా ఉన్న హయాట్ మేయర్ నవ్వి పంపించెయ్యలేదు. ఒకనాటి జనం ఏం చూశారో, ఏం కొన్నారో, ఎవరిని మెచ్చుకున్నారో చెప్పే సాక్ష్యాలివి అని ఆయనకు తోచింది. సరేనన్నారు. కానీ ఇన్ని లక్షల ముక్కల్ని వరుసలో పెట్టేదెవరు? తెలిసినవాడు ఒక్కడే. ఇచ్చినవాడే!

మ్యూజియంలో ఓ మూల ఆయనకో బల్ల వేశారు. అప్పటినుంచి పదిహేనేళ్లు అదే పని. మొదట్లో సిరక్యూస్ నుంచి వచ్చి వెళ్లేవారు. ఉద్యోగం మానేశాక న్యూయార్క్‌కే మకాం మార్చారు. వంగని వేళ్లతో ఒక్కో కార్డునూ ఆల్బమ్ పేజీ మీద అంటించడం, వివరం రాయడం. ఖాళీలు కనిపిస్తే మిత్రులకు కబురు వెళ్లేది. వాళ్లు తమ దగ్గరున్న కార్డులు పంపేవారు. తమ పేరు బయటికి రాదని తెలిసీ పంపేవారు.

1963 జనవరి 10 సాయంత్రం ఆ పని పూర్తయింది. బర్డిక్ కష్టం మీద కోటు తొడుక్కుని, ఇక రానని చెప్పి వెళ్లిపోయారు. మర్నాడు ఆస్పత్రిలో చేరారు. మార్చి 13న కన్నుమూశారు. 3 లక్షలకు పైగా ముక్కలు. వాటిలో బేస్‌బాల్ కార్డులే 30 వేల పైన. మిగతావి పోస్టుకార్డులు, ప్రకటనలు, శుభాకాంక్షల కార్డులు. ఒక్క ముక్కనూ సొమ్ము చేసుకోలేదు.

దానం చేసేవాళ్లను ‘ఎముక లేని చెయ్యి’ అంటాం మనం. బర్డిక్ చేతిలో ఉన్న జబ్బంతా కీళ్లలోనే, ఎముకల్లోనే. అయినా ఆ మాట ఆయనకు సరిపోయినట్టు ఇంకెవరికీ సరిపోదేమో.

ఇందులో ఇంకో విశేషం ఉంది. కార్డు వెనక జిగురు అంటితే నేటి బజారులో దాని విలువ అమాంతం పడిపోతుంది. ‘అయ్యో, అంటించేశాడే!’ అని ఇప్పటి సేకర్తలు నొచ్చుకుంటారు. కానీ ఆయన దృష్టిలో అవి మళ్లీ అమ్మేందుకు కాదు. ఎవరు వచ్చినా చూసేందుకు. మ్యూజియం వాటిలో కొన్నింటిని విడతలవారీగా గోడకు పెడుతూ ఉంటుంది. పిల్లల దగ్గరికో, పని మీదో న్యూయార్క్ వెళ్లే మనవాళ్లు ఆ మ్యూజియం చూడకుండా రారు. ఈసారి వెళ్లినప్పుడు రాజుల కవచాలు, ఈజిప్టు మమ్మీలతో పాటు ఈ అట్టముక్కలు ఎక్కడున్నాయో కూడా అడిగి చూడండి.

నమ్మకమే పెట్టుబడి

ఆ తరంలో ఇచ్చిపుచ్చుకోవడమంతా టపాలోనే. ముఖాలు చూసుకోకుండానే ఇరవై ముప్ఫై ఏళ్లు స్నేహం చేసినవాళ్లున్నారు. ఉత్తరంలో కావాల్సిన కార్డుల జాబితా, తన దగ్గర రెండేసి ఉన్న కార్డుల జాబితా. అవతలివాడు ముందు కార్డులు పంపిస్తాడు. ఇవతలివాడు చూసుకుని బదులు పంపుతాడు. కాగితం లేదు, సంతకం లేదు. ఒక్కసారి మాట తప్పితే ఆ కబురు అందరికీ చేరిపోయేది. అందుకే తప్పేవాళ్లు తక్కువ. కొత్తవాడైతే కవరులో అడగని కార్డు కూడా ఒకటి దూర్చి పంపడం పెద్దవాళ్లకు అలవాటు. మన కొట్లో కొసరు వేసినట్టు!

ఈ గుణం అమెరికా సొత్తేం కాదు. ఇంగ్లండులో ఎడ్వర్డ్ వార్టన్ టైగర్ అనే గనుల వ్యాపారి ఉండేవారు. రెండో ప్రపంచయుద్ధంలో గూఢచారిగా పనిచేసిన మనిషి. చిన్నప్పటినుంచీ సిగరెట్ కార్డులు పోగేసి, ప్రపంచంలోనే పెద్ద సేకరణ చేశారు. పది లక్షలకు పైమాటే. 1995లో ఆయన పోయాక అదంతా వీలునామా ప్రకారం బ్రిటిష్ మ్యూజియానికి చేరింది.

‘ఏం పోగేస్తున్నావు బాబూ?’

ఇప్పుడు ఉత్తరాల కాలం పోయింది. దాని స్థానంలో కార్డుల సంతలొచ్చాయి. అమెరికాలో జాతీయ స్థాయి సేకర్తల సమ్మేళనం 1980లో లాస్ ఏంజెలస్‌లో మొదలైంది. చిన్న ఊళ్లలో హోటల్ హాళ్లలోనూ, చర్చి హాళ్లలోనూ ఆదివారాలు ఇలాంటి సంతలు జరుగుతుంటాయి. వరుసగా బల్లలు, వాటి మీద గాజుపెట్టెలు, వెనక నెరిసిన తలలు.

పన్నెండేళ్ల కుర్రాడు జేబులో ఇరవై డాలర్లతో వెళ్తే రెండు రకాల మనుషులు ఎదురవుతారు. ఒకరు ‘నీ బడ్జెట్ ఎంత?’ అంటారు. రెండోవారు ‘నువ్వేం పోగేస్తున్నావు బాబూ?’ అంటారు. ఈ రెండోవారే ఈ హాబీకి గురువులు. నలిగిన, మూలలు అరిగిన కార్డుల పెట్టె బల్ల కింద నుంచి తీస్తారు. వందేళ్ల నాటి టి206లో కూడా పేరున్న ఆటగాడిది కాకుండా, కాస్త ముడతలు పడ్డదైతే కొన్ని పదుల డాలర్లకే వస్తుందని చెబుతారు. కుర్రాడి జేబులో అంత లేకపోతే ఉన్నంతకే ఇచ్చేవారూ ఉన్నారు. ఊరికే చేతిలో పెట్టేవారూ ఉన్నారు.

కార్డు కన్నా విలువైనది వాళ్లిచ్చే విద్య. నిజమైన కార్డుకూ నకలుకూ తేడా ఎలా పట్టాలి? ముందు స్కేలు తియ్యమంటారు. టి206 కార్డు వెడల్పు ఒకటిన్నర అంగుళాల కన్నా కొద్దిగా తక్కువ, పొడవు రెండున్నర అంగుళాల పైన, దాదాపు 6.7 సెంటీమీటర్లు. అంతకన్నా తగ్గితే అంచులు కత్తిరించారేమోనని అనుమానించాలి. భూతద్దంతో చూస్తే పాత అచ్చు చుక్కలు ఒకలా, ఇప్పటి అచ్చు చుక్కలు ఇంకోలా ఉంటాయి. అతినీలలోహిత దీపం కింద పెడితే రెండో ప్రపంచయుద్ధం తర్వాతి కాగితం తెల్లగా మెరుస్తుంది. అందులో తెల్లదనం కోసం కలిపిన రసాయనాల మహిమ అది. పాత కాగితం అలా మెరవదు. ఇదంతా నలభై యాభై ఏళ్లలో, ఎన్నోసార్లు మోసపోయి నేర్చుకున్న విద్య. అడిగినవాడికి అయిదు నిమిషాల్లో చెప్పేస్తారు. ఫీజు లేదు.

అంచులు కత్తిరించిన కోట్లు

ఆ విద్య ఎంత విలువైనదో తెలియాలంటే ఇంకో వాగ్నర్ కార్డు కథ వినాలి. ఉన్న అరవైలోనూ అన్నిటికన్నా అందంగా, అంచులు పదునుగా ఉన్న కార్డు అది. హాకీ వీరుడు వేన్ గ్రెట్‌స్కీ 1991లో భాగస్వామితో కలిసి దాన్ని 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నారు. 2007లో అది 28 లక్షల డాలర్లు పలికింది. అంత పాత కార్డుకు అంత పదునైన అంచులా అని కొందరు పాతకాపులు గొణుగుతూనే ఉన్నారు. వినేదెవరు? చివరికి 2013లో, దాన్ని మొదట్లో అమ్మిన పేరుమోసిన వేలందారే అంచులు కత్తిరించిన మాట నిజమేనని కోర్టులో ఒప్పుకున్నాడు. ఇతర మోసాలూ కలిపి జైలుకు వెళ్లాడు.

ఒకే కార్డు, రెండు రకాల చేతులు. ఒక చెయ్యి జిగురుతో అంటించి విలువ తగ్గించినా పదిమందికి పంచింది. ఇంకో చెయ్యి కత్తెరతో విలువ పెంచి అందరి నమ్మకాన్నీ కోసేసింది.

అలాగని పాత సేకర్తలంతా దానకర్ణులే అనుకోనక్కర్లేదు. తెలియని ఇల్లాలి దగ్గర, భర్త పోయిన దుఃఖంలో ఉండగా, పెట్టెలకు పెట్టెలు కారుచౌకగా కొట్టేసినవాళ్లూ ఆ తరంలో ఉన్నారు. కానీ కార్డు ధర సెంట్లలో ఉన్నప్పుడు దొడ్డమనసు చూపడం సులువు. అదే కార్డు ఇంటి అప్పు తీర్చే స్థాయికి చేరినప్పుడు కూడా చెయ్యి చాచి ఇవ్వగలిగితేనే అసలు పరీక్ష. 2020 తర్వాత ధరలు ఆకాశానికి ఎగబాకాక ఆ పరీక్ష మరీ కఠినమైంది. ఉచితంగా ఇచ్చిన కార్డును కుర్రాడు మర్నాడే అమ్మేస్తే? చెప్పిన విద్యతో వాడే నకలు తయారుచేస్తే? అలాంటి అనుభవాలు అయినవాళ్లలో కొందరు చేతులు ముడుచుకున్నారు. చిత్రమేమిటంటే, ఇంకా చాలామంది ముడుచుకోలేదు.

ఎందుకలా అంటే జవాబు ఒకటే. వాళ్లకూ చిన్నప్పుడు ఎవరో ఒకరు ఇచ్చారు. ఆ ఇచ్చినాయన బాకీ తిరిగి తీసుకోవడానికి ఇప్పుడు లేడు. కాబట్టి ముందు తరానికి కట్టాలి. మన పెద్దలు రుణం అంటారే, ఆ లెక్కే ఇది.

తర్వాత ఎవరికి?

ఇప్పుడు ఆ నెరిసిన తలలన్నిటికీ ఒకటే బెంగ. తమ తర్వాత ఇదంతా ఏమవుతుంది? పిల్లలకు ఆసక్తి ఉండదు. ఉన్నా ధర మీదే. అరవై ఏళ్ల సేకరణ నెల తిరక్కుండా వేలం పెట్టెల్లోకి వెళ్లిపోతుంది. అందులో తప్పేమీ లేదు. పిల్లల చదువులకో, ఇంటికో అక్కరకొస్తుంది. కానీ ఏ కార్డు ఎవరిచ్చారు, ఏ ఊళ్లో దొరికింది, దేన్ని చూసి నిజమైనదని తేల్చారు అన్నది మాత్రం మనిషితోనే పోతుంది. కార్డును అమ్మొచ్చు. జ్ఞాపకాన్ని అమ్మలేం, ఇవ్వగలం అంతే.

విలువ తెలియక పోగొట్టుకున్న కథలకూ కొదవలేదు. దాదాపు వంద కోట్లు పలికిన 1952 కార్డు ఉంది కదా! ఆ సంవత్సరం అమ్ముడుపోని కార్డుల పెట్టెల్ని 1960లో పడవకెత్తి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ కార్డుల రూపకర్త సై బెర్గరే చెప్పుకున్నారు. కంపెనీకి అవి గోదాములో చోటు తినే చెత్త. అదే కాలంలో బర్డిక్ మ్యూజియం మూల కూర్చుని అలాంటి ‘చెత్త’నే ఒక్కొక్కటిగా అంటిస్తున్నారు. మిగిలింది ఎవరి వల్లో వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా ఎక్కడో అమెరికా గోల అనుకోవద్దు. మన ఊళ్లలోనూ ఒకప్పుడు పిల్లలు అగ్గిపెట్టెల మీది బొమ్మలు, సిగరెట్ పెట్టెల అట్టలు, సోడా మూతలు, చూయింగ్ గమ్‌లో వచ్చే క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు ప్రాణంగా పోగేశారు. స్టాంపులు, నాణేలు, పాత సినిమా పాటల పుస్తకాలు దాచుకున్న తాతయ్యలు, బాబాయిలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. బీరువా పై అరలో అట్టపెట్టె ఉంటుంది. దుమ్ము దులిపేటప్పుడు తప్ప దాన్ని ఎవరూ కదపరు.

ఈ సెలవుల్లో ఆ పెట్టె దింపమని పిల్లలకు చెప్పండి. తాతయ్య పక్కన కూర్చోబెట్టండి. ‘ఇది ఎంత పలుకుతుంది?’ అని మాత్రం ముందే అడగొద్దనండి. ‘ఇందులో మొదటిది నీకెవరిచ్చారు తాతయ్యా?’ అని అడగమనండి. తాతయ్య చెప్పింది ఓ నోటుపుస్తకంలో రాయించి, ఆ పుస్తకాన్ని కూడా అదే పెట్టెలో పెట్టించండి.